ట్యాంకుకు కట్టిన పట్టీలు

చింతపండు నానేసిన గిన్నెలో చెయ్యి పెట్టగానే ముందు ముక్కుకు తెలుస్తుంది. పాత చింతపండు పులుపు, దానికి తోడు నల్లబడిన వెండిని రుద్దినప్పుడు వచ్చే ఒక రకం లోహపు వాసన. ఈ రెండూ కలిస్తే చాలు, కర్నూలులో మా ఇంటి వంటగట్టు ముందు నిలబడి ఉన్నానన్న సంగతి మరిచిపోతాను. దసరా ముందు ఏటా ఇదే తంతు. కుంకుమభరిణ, దీపపు కుందులు, హారతి పళ్ళెం ఒక్కొక్కటే తోమి పక్కన పెట్టి, ఆఖరున అలమరలోంచి ఒక జత గొలుసులు తీసి అదే గిన్నెలో వేస్తాను. అవి వెండివి కావు, కాళ్ళకు కట్టుకునేవీ కావు. మూరకు కాస్త తక్కువ పొడవు, బొటనవేలి గోరంత వెడల్పు. నీళ్ళలో వేస్తే గలగలమనవు, గుప్పెడు ఇసుక జారినట్టు చప్పుడు చేస్తాయి. అవి ఒక యుద్ధ ట్యాంకువి. జానెడు పొడవుండే బొమ్మ ట్యాంకువే లెండి, కానీ దాన్ని బొమ్మ అంటే ఒప్పుకోని మనిషి ఒకావిడ ఉండేది. ప్రొద్దుటూరు బజారులో వెండి అంగడి నడిపిన ఆవిడ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆమె మనిషి పొట్టి. గొంతు మాత్రం బజారు ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించేది. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి నడకకు తగ్గట్టు మోగుతుంటే, అంగడిలో పనివాళ్ళు కబుర్లు ఆపి, లేని పనిని వెతుక్కునేవాళ్ళు. భర్త పోయినప్పుడు ఇక ఆ అంగడి మూతపడుతుందని బజారంతా అనుకుందట. కర్మకాండలు ముగిసిన మర్నాడు తలుపులు తీసి, ఆయన కూర్చునే మెత్త మీదే కూర్చుని, వచ్చిన మొదటి మనిషిని "ఏం కావాలప్పా" అని అడిగిందట. అప్పటినుంచి ఆ మెత్త ఆమెది, ఆ తాళాలు ఆమెవి. పిల్లల మొలతాళ్ళు, ఆడవాళ్ళ పట్టీలు, మెట్టెలు అక్కడ అమ్మేవాళ్ళు. వెనక గదిలో తెగిన గొలుసులకు అతుకులు వేసేవాళ్ళు. పట్టీల కొక్కేలు మార్చడంలో ఆమెను మించిన చెయ్యి ఊళ్ళో లేదని పనివాళ్ళే ఒప్పుకునేవాళ్ళు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అక్కడ బిల్లులు రాసే పనికి చేరాను. మాది మైదుకూరు. లెక్కలు ముఖ్యంగా తీసుకుని డిగ్రీ పాసయ్యాను, పంతులమ్మను కావాలన్న కోరిక బలంగా ఉండేది. కానీ నాకు నత్తి. బ్లాక్‌బోర్డు మీద ఎంత చిక్కు లెక్కయినా గీసి పారేస్తాను, నోరు తెరిచి దాన్ని చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే బండి దిగబడిపోతుంది. నన్ను చూసిన ప్రతివాళ్ళూ నా మాట వాళ్ళే పూర్తి చేసి, ఏదో పుణ్యం చేసినట్టు ముఖం పెట్టేవాళ్ళు. అది నాకు ఒళ్ళు మంట.

మొదటి రోజు ఆమె నన్ను ఎదుట కూర్చోబెట్టుకుని పేరు అడిగింది. "భ... భ..." దగ్గర నేను ఆగిపోయాను. ఆమె సాయం రాలేదు. పక్కనున్న ఆకురాయి తీసుకుని ఒక కొక్కెం అంచు రుద్దుకుంటూ కూర్చుంది. నాకు తీరికైనప్పుడు భారతి అని చెప్పాను.

"బాగుండాది. నా పేరు తెల్సునా?"

తెలుసు. వెంకటసుబ్బమ్మ. ఆ 'వె' నాకు బద్ధశత్రువు. దానితో కుస్తీ పట్టి పట్టి చెమటలు కక్కాను. ఆమె కొక్కెం పని ముగించి, ఊది, వెలుతురుకు పట్టి చూసింది.

"సర్లే, ఇప్పటికి అమ్మా అను. పేరు యాడికీ పోదు, నిదానంగా చెబుదువులే," అంది. తర్వాత కళ్ళలో చిన్న కొంటెతనం మెరిసింది. "నత్తి ఉంటే మేలే పాపా. నీతో బేరమాడేటోళ్ళు యాడ తట్టుకుంటారు? నువ్వు 'రాదు' అని చెప్పేలోపల వాళ్ళే ఇచ్చేసి పోతారు."

నత్తి గురించి నా ఎదుట అంత తేలిగ్గా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. కోపం రావాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఆ రోజు మైదుకూరు బస్సులో కూర్చున్నాక కూడా నవ్వుకుంటూనే ఉన్నాను. మర్నాటినుంచి ఆమెను అమ్మా అనే పిలిచాను.

ట్యాంకు గొడవ ఆ మరుసటి ఏడు మొదలైంది. బంధువుల పెళ్ళికి సికింద్రాబాదు వెళ్ళిన ఆమె, ఆటోలో వస్తుంటే దారి పక్కన దిమ్మె మీద నిలబెట్టిన ఒక పాత ట్యాంకును చూసింది. ఆటో ఆపించి, పట్టుచీరతో దిగి, దాని చుట్టూ తిరిగిందట. వెంట ఉన్నవాళ్ళు ముహూర్తం దాటిపోతుందని మొత్తుకున్నా వినలేదట. తిరిగొచ్చాక పెళ్ళి గురించి ఒక్క మాట లేదు. ఎవరు కనిపిస్తే వాళ్ళకు ట్యాంకు చక్రాల మీదుగా తిరిగే ఆ ఇనుప గొలుసు గురించే చెప్పింది.

"ఏనుగుకు పట్టీలు కట్టినట్టుండాదప్పా. ఒక్కో ముక్కా మన తిరగలి రాయంత బరువుంటాది. అయినా యాడా బిగుసుకోలే, పైన ఒయ్యారంగా యాలాడతాండాది. కొక్కెం యాడ పెట్టినారో తెలీలే. దాన్ని చేసినోడు ఎవుడో శానా పనోడు."

ఆమెకు యుద్ధాలూ తెలియవు, తుపాకులూ తెలియవు. ఆ గొలుసు పని చూసి మనసు పారేసుకుంది, అంతే. బెంగుళూరులో ఉండే మేనల్లుడికి ఫోన్ చేసి, అట్లాంటిది బొమ్మ ఒకటి పంపమంది. వచ్చింది. పెద్దవాళ్ళు తీరికవేళ అతికించుకునే రకం, ముక్కలు ముక్కలుగా అట్టపెట్టెలో. పెట్టె మూత మీద దుమ్ము రేపుకుంటూ పోతున్న ట్యాంకు బొమ్మ. పెట్టెలో అడుగున గొలుసుకు బదులు రెండు నల్లటి రబ్బరు పట్టాలు ఉన్నాయి. వాటిని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నప్పటి ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

"రబ్బరు పట్టీలు ఎవురన్నా కడతారేమ్మే?" అని వాటిని నా ఒళ్ళో పడేసింది.

పాపం ఆ మేనల్లుడు మళ్ళీ బజార్లు తిరిగాడు. ఇదే పిచ్చి ఉన్నవాళ్ళ కోసం విదేశాల్లో ఎవరో ఇనుప రంగు గొలుసు ముక్కలు విడిగా పోత పోసి అమ్ముతారని కనుక్కుని తెప్పించాడు. ఒక సంచీ నిండా బొటనవేలి గోరంత పొడవు, బియ్యపు గింజంత వెడల్పు ఉన్న బూడిదరంగు ముక్కలు, ఒక సన్నతీగ చుట్ట. ఒక్కో ముక్కకూ అంచున చీమ కూడా దూరలేని కన్నాలు. రెండు ముక్కల కన్నాలు ఎదురెదురుగా పట్టి, తీగ ముక్క గుచ్చి కత్తిరించి, సూది మొనతో జిగురు తాకించాలి. అట్లా ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే గొలుసవుతుంది. ఆ సంచీ విప్పి పళ్ళెంలో పోసినప్పుడు ఆమె పసిపిల్లలా నవ్వింది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు, ఎందుకంటే అప్పటికే ఆమె కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట మాకెవరికీ చెప్పలేదు. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునేది. కొక్కేల పని పనివాళ్ళకు వదిలేసింది. కర్నూలులో పెద్ద డాక్టరుకు చూపిస్తే, ప్రాణభయం లేదు గానీ పూర్తిగా పోయేది కాదని చెప్పాడు. వెండి అంగడిలో వణికే చెయ్యి అంటే మాటలు కాదు. ఒకరోజు ఒక పల్లెటూరి ఆయన కూతురికి పట్టీలు కొంటున్నాడు. ఆమె వాటిని ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెట్టి చెయ్యి తీసేలోపు అంకెలు పైకీ కిందికీ ఎగిరాయి.

"చెయ్యి తియ్యి తల్లీ, అంకెలు గంతులేస్తాండాయి," అన్నాడాయన.

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ అంగడి నిండా జనం ఉన్నారు. అందరూ ముందు తక్కెడ వైపు, తర్వాత ఆమె చేతి వైపు చూశారు. ఎన్నో ఏళ్ళుగా ఆ మెత్త మీద కూర్చున్న మనిషి తూకాన్ని ఎవరూ అట్లా చూసింది లేదు. ఆమె చెయ్యి కొంగు కింద దాచుకుంది. 

ఆ సాయంత్రం కొడుకు సుధాకర్ తల్లి దగ్గర కూర్చున్నాడు. మంచివాడు, తల్లంటే ప్రాణం. అందువల్లే ఆ మాట అనడానికి అతనికి చాలా సేపు పట్టింది.

"మా, ఇంగ ఇంటికాడ ఉండుమా. అంగడి నేను చూసుకుంటా. నిన్ను ఎవురన్నా ఒక మాటంటే నేను తట్టుకోలేను."

"నా చెయ్యి పనికిరాదంటాండావా?"

"అట్ల కాదుమా."

ఆమె నడుముకున్న తాళాలు తీసి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది. గల్లాపెట్టె దగ్గర నేను రాస్తున్న బిల్లు ఆపేశాను.

"ఆ గొలుసులు రెండూ ఈ చేత్తోనే గుచ్చుతా. ఎవురినీ తాకనియ్యను. ఆయుధ పూజ నాడు ట్యాంకుకు కట్టి, అందరూ బండ్లు నడిపినట్టే నిమ్మకాయ మీద నడిపిస్తా. ఒక్క ముక్క ఊడిందా, తాళాలు నీవే, మెత్త నీదే. ఊడకపోతే మల్లా ఈ మాట ఎత్తగూడదు."

సుధాకర్ ఒప్పుకున్నాడు. తల్లి ఓడిపోవాలని అతనికి లేదు, గెలుస్తుందన్న నమ్మకమూ లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

మధ్యాహ్నాలు ఎండకు బజారు మొత్తం గొళ్ళెం వేసినట్టు ఉండేది. ఆ వేళల్లో వెనక గదిలో తడిపిన గోనెపట్టా కిటికీకి కట్టి, మేమిద్దరం పళ్ళెం ముందు కూర్చునేవాళ్ళం. పోతలో మిగిలిన పొక్కులు ఆకురాయితో రుద్దడం, పూడిపోయిన కన్నాలను చేతి బరమాతో తెరవడం నా పని. గుచ్చడం ఆమెది. మొదటి రోజుల్లో ఆమె చేసిందంతా యుద్ధమే. పళ్ళు బిగించి, చేతిని కదలకుండా ఆపాలని చూసేది. ఎంత ఆపితే అంత ఊగేది. తీగ ఎగిరిపోయేది, ముక్క ఎగిరిపోయేది. నేను నేలంతా పాకి వెతికి తెచ్చేదాన్ని. ఒకసారి ఒక ముక్క ఆమె కొప్పులో దొరికింది.

నేను గుచ్చుతానని ఒక్కసారి అన్నాను. నత్తి వల్ల ఆ మాట పూర్తవడానికి చాలా సేపు పట్టింది. పూర్తయ్యేదాకా ఆగి, "నీ మాట నేను పూర్తి చేసినానా ఎప్పుడన్నా?" అంది. నేను మళ్ళీ ఆకురాయి అందుకున్నాను.

ఎట్లా పట్టుకుందో గానీ, ఒక మధ్యాహ్నం ఆమె చేతితో దెబ్బలాట మానేసింది. తేనెమైనపు ముద్ద మీద మణికట్టు ఆనించి, చెయ్యి ఎట్లా వణుకుతుందో పరాయి వాళ్ళది చూసినట్టు ఊరికే చూస్తూ కూర్చుంది.

"ఇదో చూడు పాపా. ఇది ఊగుతాది, ఊగుతాది, మల్లా ఊగేటందుకు ఒక చిటికె నిలబడతాది. ఊపిరి ఇడిసినాక ఇంగొంచెం సేపు నిలబడతాది. ఆ సందు చాలు మనకు. దాన్ని ఆపేది ఏంటికి? ఊగనీ. సందులో గుచ్చుదాం."

ముక్కులోంచి ఊపిరి నెమ్మదిగా వదిలింది. తీగ కన్నంలోకి వెళ్ళింది. మళ్ళీ ఊగింది చెయ్యి. మళ్ళీ ఆగింది. అప్పుడు రెండోది వెళ్ళింది. ఆమె నా వైపు చూడకుండానే, "నీ నోరు గూడా ఇంతే," అంది. "నువ్వు మాటను తోస్తాండావు. తొయ్యద్దు. ఊపిరి ఇడిసిపెట్టి, సందు చూసి పెట్టు." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూస్తే ఏమంటుందోనని గబగబా ఆకురాయి రుద్దేశాను.

ఆ రోజునుంచి అంగడిలో అదే మాకు ఆట. ఎవరైనా పట్టీల ధర అడిగితే ఆమె దూరం నుంచి నన్ను చూసి, నాకు మాత్రమే కనిపించేట్టు ఊపిరి వదిలేది. నేనూ వదిలి, మాట పెట్టేదాన్ని. అన్నిసార్లూ కుదరలేదు. కుదరనప్పుడు ఆమె భుజాలు ఎగరేసి, మరో తీగ ముక్క తీసుకోమన్నట్టు వేళ్ళు ఆడించేది.

ఒక గొలుసు పూర్తయింది. ఎంతో సంబరంగా చక్రాల మీద తొడిగితే చక్రాలు కదలలేదు. మాకు అర్థం కాలేదు. తర్వాత ఆమె నుదురు కొట్టుకుంది. పట్టీ అంటే కాలికి సరిగ్గా ఆనాలి, జారకూడదు. ఏళ్ళ తరబడి అదే కొలత చేతికి అలవాటైపోయి, ట్యాంకుకు కూడా పెళ్ళికూతురికి చేసినట్టు బిగువుగా చేసేసింది. సికింద్రాబాదులో తానే మెచ్చుకున్న ఆ ఒయ్యారం మరిచిపోయింది. "ఇన్నేండ్ల పనితనం ఈడికొచ్చి నన్ను ముంచింది," అని పడీ పడీ నవ్వి, మరికొన్ని ముక్కలు కలిపి, గొలుసు పైన చక్రాల మీదికి వాలేదాకా వదులు చేసింది. ఒక్కచోట మాత్రం జిగురు పెట్టలేదు. పట్టీ ఏదైనా విప్పుకోవడానికి వీలుండాలట, ఆ తీగముక్కే దానికి కొక్కెం. రెండో గొలుసునూ అదే కొలతకు గుచ్చింది.

ట్యాంకు ఒళ్ళు అతికించింది నేను. రంగు అంగడి తలుపులకు వేయగా మిగిలిన పచ్చరంగు. తుపాకీ గొట్టం కాస్త వంకర వచ్చింది. చూసినవాళ్ళు అదే ఎత్తి చూపితే, "నేను చేసింది తుపాకీ కాదప్పా, పట్టీలు. ఆడ చూడు," అనేది.

పూజ ముందురోజు, అసలు ఇనుములా కనపడాలని గొలుసులకు నలుపు పట్టించాం. మేనల్లుడు పంపిన మందులో ముంచితే బూడిదరంగు లోహం మసిలా నల్లబడింది. కడిగి, ఒక సత్తు గిన్నెలో వేసి ఆరడానికి వాళ్ళ ఇంటి పెరట్లో గట్టు మీద పెట్టి, మేం భోజనాలకు కూర్చున్నాం. ఆ గట్టు మీదే మర్నాటి పూజకు తోమాల్సిన ఇంటి వెండి మొత్తం కుప్పగా ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అన్నం తిని చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిన నేను అట్లాగే నిలబడిపోయాను. ఇంట్లో అంట్లు తోమే నాగమ్మ, చింతపండూ బూడిదా కలిపిన ముద్దతో, కొబ్బరిపీచు పెట్టి, మా గొలుసుల్ని బండకేసి రుద్దుతోంది. ఇత్తడి కాగును రుద్దినంత బలంగా. ఒకటి అయిపోయి పక్కన ఉంది, రెండోది చేతిలో ఉంది.

నేను అరవబోయాను, 'నా' దగ్గరే ఆగిపోయింది. నాగమ్మే తలెత్తి చూసింది.

"ఎవురి పిల్లోళ్ళ మొలతాళ్ళో గానీ పాపా, ఇంత మసి పట్టేదాకా చూసుకోరా? రుద్ది రుద్ది నా రెక్కలు పడిపోయినాయి. ఇంగా నలుపు పోలే సందుల్లో."

ఆ ఊళ్ళో, ఆ ఇంట్లో, పండగ ముందు, గిన్నెలో నల్లటి గొలుసు కనిపిస్తే మరొక మనిషి కూడా అదే చేసేది. అందుకే నాగమ్మను ఏమనడానికీ నాకు నోరు రాలేదు. అమ్మ నా వెనకే వచ్చింది. ఆమె వెనక సుధాకర్. నాగమ్మ మా ముఖాలు చూసి, తప్పేదో జరిగిందని గ్రహించి, గొలుసును అట్లాగే పక్కనున్న గిన్నెలో కడుగునీళ్ళలో వదిలేసింది.

అమ్మ కూర్చుంది. నీళ్ళలో చెయ్యి పెట్టి వేళ్ళతో అడుగున తడిమింది. ఊడిన ముక్కల కోసం, తీగల కోసం. నల్లటి నీళ్ళలో ఏమీ కనపడటం లేదు. నేను ఆమె వేళ్ళనే చూస్తున్నాను. ఏమీ తగల్లేదు. గొలుసు ఒక కొస పట్టుకుని పైకెత్తింది. నీళ్ళు కారుతూ అది మొత్తం పైకి వచ్చింది. ఆమె చెయ్యి వణికింది. ఆ వణుకు గొలుసంతా కిందిదాకా పాకింది. ప్రతి ముక్కా ఆడింది, ఒక్కటీ రాలలేదు. రెండోది ఎత్తింది. అదీ అంతే. సుధాకర్ దగ్గరికొచ్చి, తల్లి చేతిలోంచి దాన్ని తీసుకుని రెండు కొసలూ పట్టి లాగాడు. బలంగానే లాగాడు. విడిచిపెట్టి తల్లిని చూశాడు.

"నాగమ్మ రుద్దుడుకే తట్టుకున్యాదంటే, ఇంగ నిమ్మకాయ ఏం చేస్తాదిమా," అన్నాడు. 

ఆమె వినిపించుకోలేదు. గొలుసును ఎండకు పట్టి ఏదో చూస్తోంది. "పాపా, ఆ పెట్టె మూత తే," అంది. తెచ్చాను. మూత మీది బొమ్మలో ట్యాంకు గొలుసు నేలకు తగిలే అంచుల్లో తెల్లగా మెరుస్తుంటుంది, సందుల్లో మాత్రం నల్లగా ఉంటుంది. అచ్చు వేసినవాళ్ళు తప్పు చేశారని మేం అన్నాళ్ళూ అనుకున్నాం. ఇప్పుడు మా గొలుసూ అట్లాగే ఉంది. పైకి లేచిన అంచుల్లో నలుపు పోయి లోహం మెరుస్తోంది, సందుల్లో నలుపు నిలిచే ఉంది. రాళ్ళ మీదా ఇసుక మీదా నడిచి నడిచి అరిగిన గొలుసు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"మనం చేసింది అంగడిలో పెట్టే గొలుసు," అంది అమ్మ. "దీన్ని నడిపించింది నాగమ్మ." నాగమ్మకు ముక్క అర్థం కాలేదు గానీ, తిట్లు పడవని తెలిసి కొబ్బరిపీచు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అప్పుడు నవ్వింది అమ్మ. మా అందరికీ నవ్వులు అంటుకున్నాయి. పెరట్లో నిలబడి ఎందుకు నవ్వుతున్నామో తెలియనంతసేపు నవ్వాం.

మర్నాడు అంగడిలో తక్కెడలకూ, ఆకురాళ్ళకూ, బరమాలకూ బొట్లు పెట్టి, వాటి మధ్య ట్యాంకును కూర్చోబెట్టాం. గంధం, కుంకుమ, చిన్న బంతిపూల దండ. పక్క అంగళ్ళ వాళ్ళంతా గుమికూడారు. చిన్న నిమ్మకాయ ఏరి తెచ్చింది సుధాకరే. కోసి, రెండు చెక్కలకూ కుంకుమ అద్ది, చెరో గొలుసు ముందు పెట్టాడు. అమ్మ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి వణుకుతుంటే ట్యాంకు కూడా ఇంజను వేసినట్టు సన్నగా అదిరింది. ఊపిరి వదిలింది. నొక్కి ముందుకు తోసింది. గొలుసులు కరకరమంటూ తిరిగాయి, చెక్కల మీదికెక్కాయి, రసం చిందింది, ట్యాంకు అవతలికి దిగింది. ఒక్క ముక్క ఊడలేదు. బజారు బజారంతా చప్పట్లు కొట్టింది. జీవితంలో నేను అంత గర్వపడిన రోజులు చాలా తక్కువ. ఆ గొలుసులో నేను గుచ్చింది ఒక్కటీ లేకపోయినా అది నా గెలుపే అనిపించింది.

పండగ దాటి అంగడి తెరిచేటప్పుడు ఆమే తాళం చేతిలోకి తీసుకుంది. తాళంచెవి కన్నం దగ్గర ఇటూ అటూ తడబడింది. సుధాకర్ చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకున్నాడు. మేమంతా మెట్ల మీద నిలబడి ఎదురుచూశాం. సందు దొరికింది, తాళం తిరిగింది. ఆ రోజు వచ్చిన మొదటి మనిషికి పట్టీలు తూచేటప్పుడు ఆమె వాటిని తక్కెడ మీద పెట్టి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"నా చెయ్యి వణుకుతాది నాయనా. తక్కెడ వణకదు. నిదానంగా చూసుకో."

ఆ తర్వాత ఆమె చేతిని కొంగు కింద దాచడం నేను చూడలేదు. చాలా ఏళ్ళు ఆ మెత్త మీదే కూర్చుంది. ఆ అంగడిలో తూకం చూసుకోవడానికి జనానికి అదొక పద్ధతే అయిపోయింది. ఆమె చెయ్యి ఒళ్ళోకి వెళ్ళాకే అందరూ అంకెలు చూసేవాళ్ళు.

నన్ను మాత్రం ఆమె అక్కడ ఉండనివ్వలేదు. బి.ఎడ్. చేయమని వెంటపడి పంపింది. చేశాక ఒక స్కూల్లో నమూనా పాఠం చెప్పమంటే, వెళ్ళే ముందు ఆశీర్వాదానికి ఆమె దగ్గరికి వెళ్ళాను. పని ఆపకుండానే, "తోయద్దు," అంది. అంతే ఆశీర్వాదం. ఆ రోజు మధ్యమధ్య ఆగుతూనే పాఠం చెప్పాను. ఆగిన ప్రతిసారీ పిల్లలు ఎదురుచూశారు. ఉద్యోగం వచ్చింది. తర్వాత ఎమ్మెస్సీ కూడా కట్టి, ఇప్పుడు కర్నూలులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నత్తి పోలేదు. దానితో నాకు గొడవ లేదు.

ఆమె పోయాక ట్యాంకును సుధాకరే కర్నూలు తెచ్చి నాకిచ్చాడు. ఏటా ఆయుధ పూజకు మా కాలేజీ పిల్లలు కొందరు మా ఇంటికి వస్తారు. నిమ్మచెక్కల మీద ట్యాంకు నడపడం వాళ్ళకు సరదా. నేను గొలుసులను నాగమ్మ రుద్దినట్టే ఒళ్ళు దాచుకోకుండా రుద్ది, ఎండలో ఆరబెట్టి, ట్యాంకుకు కడతాను. ఇంతవరకు ఒక్క తీగా జారలేదు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ట్యాంకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గొలుసు మీద వేలు పెట్టి జరిపి చూసింది. "ఇంత సన్నపని ఎవురు చేసినారు మేడమ్?" అని అడిగింది.

అదే 'వె' మళ్ళీ గొంతుకు అడ్డం పడింది. పిల్లలంతా నా ముఖం చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు నాకు సాయం చేయడానికి నోరు తెరిచాడు. చేత్తో వాణ్ణి ఆగమన్నాను. ఊపిరి నెమ్మదిగా వదిలాను. సందు చూసి పెట్టాను.

"వెంకటసుబ్బమ్మ," అన్నాను.